చెత్త ఫొటోలో ఏం చూడాలి? డబ్బా నుంచి డంపింగ్ యార్డు దాకా ఒక లెక్క

తాడేపల్లిగూడెం: వీధి మలుపులో చెత్త కుప్ప, పక్కన ఒక ఆవు, వెనక గోడ మీద "ఇక్కడ చెత్త వేయరాదు" అన్న రాత. ఇలాంటి ఫొటో మన మొహల్లా వాట్సాప్ గ్రూపుల్లో వారానికి ఒకటైనా తిరుగుతుంది. కింద కామెంట్లు కూడా దాదాపు ఒకేలా ఉంటాయి. కొందరు మున్సిపాలిటీని తిడతారు. కొందరు "ఆ వీధి వాళ్ళు అంతే" అంటారు. రెండు రోజులకు అందరూ మరిచిపోతారు, కుప్ప మాత్రం అక్కడే ఉంటుంది.

ఈ ఫొటోల వల్ల ఒక నష్టం కూడా ఉంది. ఫొటోలో వీధి పేరు పడుతుంది గానీ చెత్త బండి చివరిసారి ఎప్పుడొచ్చిందో పడదు. గొంది ఎంత ఇరుకో పడదు. ఆ చెత్త ఆ వీధి వాళ్ళదో, రాత్రి ఎవరో బైకు మీద వచ్చి విసిరి వెళ్ళిందో అసలే పడదు. అయినా పేరు పోయేది ఆ వీధికే. బక్రీద్ తర్వాతి రోజుల్లో ఇది మనకు ఇంకా బాగా తెలుసు. ఎక్కడిదో, ఏ సంవత్సరానిదో ఫొటో ఒకటి మన ఊరిదని చెప్పి తిరిగితే, దానికి జవాబు చెప్పుకోవాల్సింది మన పిల్లలే.

అందుకే డబ్బా, ఆటో, ట్రాక్టరు, డంపింగ్ యార్డు అంటూ రోజూ కనిపించే ఫొటోలను ఒక్కొక్కటిగా తీసుకుని, వాటి వెనక ఏం నడుస్తుందో, ఇంట్లో మన చేతిలో ఉన్నదేంటో చూద్దాం.

వీధి డబ్బా ఏమైంది?

పాత ఫొటోల్లో ప్రతి మలుపులో ఒక ఇనుప కుండీయో, సిమెంటు తొట్టియో కనిపిస్తుంది. ఇప్పుడు చాలా చోట్ల అవి లేవు. "డబ్బాలు తీసేశారు, అందుకే చెత్త రోడ్డు మీద పడుతోంది" అని పెద్దవాళ్ళు అంటుంటారు.

తీసేయడం వెనక ఒక ఆలోచన ఉంది. వీధి కుండీలో అన్ని రకాల చెత్తా కలిసిపోతుంది. అన్నం, కోడి ఈకలు, గాజు ముక్కలు, డైపర్లు, పాత బ్యాటరీలు అన్నీ ఒకే చోట పడతాయి. ఒకసారి కలిశాక విడదీయడం ఎవరి తరమూ కాదు. కుక్కలు, పశువులు లాగి రోడ్డంతా చేస్తాయి. కాబట్టి కుండీ తీసేసి, ఇంటి గుమ్మం దగ్గరే చెత్త తీసుకోవాలి అన్నది కొత్త పద్ధతి. ఇది పని చేయాలంటే బండి రోజూ, చెప్పిన టైముకి రావాలి. బండి రాని రోజున, పాత కుండీ ఉన్న చోటుకే చెయ్యి పోతుంది. కుండీ పోయినా ఆ అలవాటు పోలేదు.

పారిశుధ్య సిబ్బంది ఇలాంటి చోట్లను "జీవీపీ పాయింట్" అంటారు. అంటే ఎన్నిసార్లు ఎత్తినా మళ్ళీ చెత్త పడే చోటు. అక్కడ ముగ్గులు వేయడం, మొక్కల కుండీలు పెట్టడం, కెమెరా పెట్టడం లాంటివి చాలా ఊళ్ళలో చేశారు. ముగ్గు ఒక్కటే వేస్తే పది రోజులు ఆగుతుంది. ముగ్గుతో పాటు బండి టైము కూడా కుదిరితేనే నిలుస్తుంది.

డబ్బా అన్న ఆలోచన మనది అనుకుంటాం గానీ, దాన్ని చట్టం చేసిన మొదటి నగరాల్లో పారిస్ ఒకటి. 1883 నవంబరులో అక్కడి అధికారి యూజీన్ పూబెల్ ప్రతి ఇంటి యజమానీ మూత ఉన్న డబ్బాలు పెట్టాలని ఆర్డరు ఇచ్చాడు. అప్పుడే ఆయన మూడు రకాలుగా వేరు చేయమన్నాడు. మామూలు చెత్త ఒకటి, కాగితం, గుడ్డ పీలికలు ఒకటి, గాజు, పింగాణీ, గుల్లలు ఒకటి. జనం మండిపడ్డారు. ఆయన పేరు మాత్రం నిలిచిపోయింది. ఫ్రెంచి భాషలో చెత్త డబ్బాను ఇవాళ్టికీ "పూబెల్" అనే అంటారు. మూడు బుట్టల గొడవ మనకు కొత్త గానీ ప్రపంచానికి 140 ఏళ్ళ పాతది.

మూడు రంగులు ఎందుకు?

మన దేశంలో ఈ కథ 1990లలో మలుపు తిరిగింది. 1994లో సూరత్ లో ప్లేగు భయం ఊరిని ఖాళీ చేయించింది. 1996లో అల్మిత్రా పటేల్ అనే ఆవిడ చెత్త విషయం మీద సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆ కేసు నడుస్తుండగానే 2000లో మొదటి మున్సిపల్ చెత్త నియమాలు వచ్చాయి. వాటి స్థానంలో 2016 ఏప్రిల్ లో ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు వచ్చాయి. ఇంట్లోనే చెత్తను మూడుగా విడదీయాలి అన్నది అక్కడే స్పష్టంగా రాశారు.

ఆంధ్రప్రదేశ్ లో 2021 అక్టోబరు 2న "క్లాప్" కార్యక్రమం మొదలైంది. ఇంటింటికీ మూడు రంగుల బుట్టలు, వీధికి ఆటోలు అప్పుడే వచ్చాయి. రంగుల లెక్క ఇది:

ఆకుపచ్చ: తడి చెత్త. అన్నం, కూర, కూరగాయల తొక్కలు, టీ పొడి, ఎముకలు, చేప పొలుసు, పూలు, ఆకులు.

నీలం: పొడి చెత్త. కాగితం, అట్ట, ప్లాస్టిక్, సీసా, ఇనుము, గుడ్డ, పాల ప్యాకెట్లు.

ఎరుపు: ప్రమాదకర చెత్త. బ్యాటరీలు, ట్యూబులైట్లు, కాలం చెల్లిన మందులు, పెయింటు డబ్బాలు, పురుగు మందుల సీసాలు, సిరంజీలు.

డైపర్లు, ప్యాడ్లు ఎందులో వేయాలి అన్నది ఎక్కువ మందికి వచ్చే ప్రశ్న. వాటిని విడిగా కాగితంలోనో కవరులోనో గట్టిగా చుట్టి ఇవ్వాలని 2016 నియమాలు చెప్పాయి. 2024 డిసెంబరులో కేంద్రం విడుదల చేసిన ముసాయిదాలో వీటికి ఏకంగా నాలుగో విభాగమే పెట్టారు. కారణం ఒక్కటే, అవి తడి చెత్తలో కలిస్తే ఎరువు పనికిరాదు, పొడి చెత్తలో కలిస్తే చేతితో ఏరే మనిషికి జబ్బు.

ఇక డబ్బు సంగతి. క్లాప్ తో పాటు ఇంటికి నెలనెలా యూజర్ ఛార్జీ వచ్చింది. జనం దాన్ని "చెత్త పన్ను" అన్నారు. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఆ పన్ను రద్దు ప్రకటించారు. పన్ను పోయింది గానీ ఖర్చు పోలేదు. ఆటోకి డీజిలు, డ్రైవరు జీతం అలాగే ఉన్నాయి. అవి ఇప్పుడు వేరే పద్దు నుంచి వస్తాయి. అంటే మనం నేరుగా కట్టకపోయినా మన సొమ్మే. అడిగే హక్కు కూడా అలాగే ఉంది.

ఆటో ఫొటో: ఒక ఊరి లెక్క

కామర్స్ చదివిన అలవాటు కొద్దీ నేను ఏ ఫొటో చూసినా ముందు లెక్క వేస్తాను. ఈ లెక్క మున్సిపాలిటీ రికార్డు నుంచి తీసింది కాదు, కేంద్రం మాన్యువల్ లోని అంకెలతో కట్టిన అంచనా.

రెండు లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్ళలో మనిషికి రోజుకు 200 నుంచి 300 గ్రాముల చెత్త వస్తుందని ఆ మాన్యువల్ చెబుతుంది. మధ్యలో 250 గ్రాములు అనుకుందాం. గూడెం జనాభా 2011 లెక్కల్లోనే లక్ష దాటింది. లక్ష మందికి 250 గ్రాముల చొప్పున రోజుకు 25 టన్నులు.

ఐదుగురు ఉన్న ఇంట్లో రోజుకు కిలోంపావు. నెలకు 37 కిలోల పైన. సంవత్సరానికి దాదాపు నాలుగున్నర క్వింటాళ్ళు. ఒక ఇల్లు ఏడాదిలో అంత చెత్త పుట్టిస్తుందని చెబితే చాలామంది నమ్మరు.

వీధిలో తిరిగే చిన్న చెత్త ఆటో ఒక ట్రిప్పుకి 600 కిలోలు మోస్తుందనుకుందాం. 25 టన్నులు మోయాలంటే 42 ట్రిప్పులు. ఒక ట్రిప్పులో 480 ఇళ్ళ చెత్త పడుతుంది. ఇది కాగితం మీద లెక్క. నిజంగా అంత పట్టదు. ఎందుకంటే పొడి చెత్త బరువు తక్కువ, చోటు ఎక్కువ. ప్లాస్టిక్ సీసాలు, ఫోము ప్లేట్లు వేస్తే సగం బరువుకే ఆటో నిండిపోతుంది. సీసాను నలిపి వేయమని సిబ్బంది చెప్పేది అందుకే.

ఇప్పుడు ఇంకో లెక్క. మన దేశంలో ఇంటి చెత్తలో సుమారు సగం తడి చెత్తే. ఆ సగం ఇంట్లోనో, వీధి చివరనో ఎరువైపోతే 42 ట్రిప్పులు 21 అవుతాయి. మిగిలిన ఆటోలు ఇరుకు గొందుల వైపు, శివారు కాలనీల వైపు తిరగొచ్చు. మన వీధికి బండి రోజూ రావాలంటే పక్క వీధి వాళ్ళ తడి చెత్త తగ్గాలి. ఈ రెండింటికీ సంబంధం ఉందని ఏ ఫొటోలోనూ కనిపించదు.

గొందుల సమస్య వేరు. పాత మొహల్లాల్లో ఆటో పట్టని సందులు ఉంటాయి. అక్కడ తోపుడు బండో, మూడు చక్రాల రిక్షానో రావాలి. విజిల్ వినిపించేది మెయిన్ రోడ్డు మీద. లోపల ఆడవాళ్ళు బుట్ట పట్టుకుని వచ్చేసరికి బండి దాటిపోతుంది. ఇలాంటి సందులో కుప్ప పడితే "వీళ్ళకి శుభ్రత లేదు" అనడం తేలిక. ముందు అడగాల్సింది "ఇక్కడికి ఏ బండి, ఎన్ని గంటలకి వస్తుంది?" అని. వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీ అనే ఉద్యోగి ఉన్నది ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికే.

ట్రాక్టరు, కాంపాక్టరు: డబ్బు ఎక్కడ పోతుంది?

ఆటోల నుంచి చెత్త పెద్ద బండ్లకు మారుతుంది. ట్రాక్టరు ట్రాలీ ఉంటుంది, డంపర్ బిన్ ఎత్తే లారీ ఉంటుంది, చెత్తను లోపలికి నొక్కి మూడింతలు పట్టించే కాంపాక్టరు ఉంటుంది. ఈ ఫొటోల్లో చూడాల్సింది ఒకటే, పైన కప్పు ఉందా లేదా. చెత్తను కప్పి తీసుకెళ్ళాలి. పట్టా లేకుండా పోయే ట్రాక్టరు సగం చెత్తను యార్డుకి, మిగతాది రోడ్డుకి పంచుతూ పోతుంది. వెనక వచ్చే బైకు వాళ్ళ కళ్ళలో పడేది అదే.

కాంపాక్టరుకి ఒక మంచి, ఒక చెడు ఉన్నాయి. ట్రిప్పులు తగ్గుతాయి, డీజిలు మిగులుతుంది. కానీ తడి, పొడి కలిపి నొక్కితే రెండూ ఒకే ముద్ద అవుతాయి. ఇంట్లో మూడు బుట్టలు పెట్టి విడదీసిన గృహిణి, కింద ఒకే బండిలో అన్నీ కలిపేయడం కళ్ళారా చూస్తే మర్నాటి నుంచి విడదీయదు. ఆమె తప్పు లేదు. కాబట్టి మీ వీధిలో విడదీసిన చెత్తను కలిపేస్తున్నట్టు కనిపిస్తే, ఫిర్యాదు చేయాల్సిన ఫొటో అదే. కుప్ప ఫొటో కన్నా ఇది ముఖ్యం.

దేశంలో మున్సిపాలిటీలు చెత్త మీద పెట్టే ఖర్చు గురించి చాలాకాలంగా చెప్పే లెక్క ఒకటుంది. అందులో 60 నుంచి 70 శాతం ఊడవడానికి, సేకరించడానికి పోతుంది. 20 నుంచి 30 శాతం మోయడానికి. చివర్లో ఆ చెత్తను ఏం చేయాలన్న దానికి మిగిలేది 5 శాతం లోపే. వ్యాపారం చేసే వాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. సరుకు కొని, లారీలో ఎక్కించి, గోడౌనుకి తీసుకెళ్ళి అక్కడ కుళ్ళబెట్టినట్టు.

డంపింగ్ యార్డు: పొగ కనిపించే ఫొటో

కొండలా పేరుకున్న చెత్త, మధ్యలో సన్నటి పొగ, పైన గద్దలు. ఈ ఫొటో చూసి ఎవరో నిప్పు పెట్టారనుకుంటాం. కొన్నిసార్లు అది నిజమే. కానీ నిప్పు పెట్టకపోయినా యార్డు రాజుకోవచ్చు. తడి చెత్త గాలి ఆడకుండా లోపల కుళ్ళితే మీథేన్ వస్తుంది. అది మండే వాయువు. పైన ప్లాస్టిక్ ఉంటుంది. ఎండాకాలంలో ఒక బీడీ ముక్క చాలు. కింద నుంచి కారే నల్లటి రసం భూమిలోకి దిగి చుట్టుపక్కల బోర్ల నీళ్ళను పాడు చేస్తుంది. వీటన్నిటికీ మూలం పొడి చెత్తతో కలిసిన తడి చెత్తే.

చెత్త తగలబెట్టడం మీద జాతీయ హరిత ట్రైబ్యునల్ 2016 డిసెంబరులో జరిమానా పెట్టింది. మామూలుగా తగలబెడితే 5 వేలు, పెద్ద ఎత్తున తగలబెడితే 25 వేలు. ఇంటి ముందు ఆకులు, కవర్లు కలిపి కాల్చే అలవాటు మన పెద్దవాళ్ళకి ఇంకా ఉంది. ఆ ప్లాస్టిక్ పొగ ముందుగా పోయేది మన ఇంట్లో ఆస్తమా ఉన్న పిల్లాడి ఊపిరితిత్తుల్లోకే.

రాష్ట్రంలో ఏళ్ళ తరబడి పేరుకున్న పాత చెత్త సుమారు 85 లక్షల టన్నులు అని ప్రభుత్వం 2024లో చెప్పింది. దాన్ని తవ్వి, జల్లెడ పట్టి, మట్టి, ప్లాస్టిక్, రాయి వేరు చేసే పనిని బయోమైనింగ్ అంటారు. చెత్త నుంచి కరెంటు తీసే ప్లాంట్లు మాత్రం గుంటూరు, విశాఖ వైపు వచ్చాయి. కరెంటు ప్లాంటు వచ్చినా విడదీయడం తప్పదు. తడిసిన అన్నం మండదు, మండించాలంటే ఉల్టా ఖర్చు.

కాలువ ఫొటో: చెత్త ఎక్కడికి పోతుంది?

మనది కాలువల ప్రాంతం. గోదావరి నీళ్ళు తెచ్చే ఏలూరు కాలువ గూడెం మీదుగా పోతుంది. ఎర్రకాలువ నీళ్ళు నందమూరు అక్విడెక్టు దాటాక యనమదుర్రు డ్రెయినుగా మారి భీమవరం మీదుగా సముద్రం వైపు పోతాయి. పడమర వైపు ఏలూరు మీదుగా వచ్చే తమ్మిలేరు కొల్లేరులో కలుస్తుంది. కొల్లేరు నుంచి సముద్రానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే.

కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ రామ్సార్ జాబితాలో చేర్చారు. ఆటపాక దగ్గర పెలికాన్ పక్షులను చూడడానికి మన పిల్లల్ని తీసుకెళ్ళి ఫొటోలు తీసుకుంటాం. పైనున్న ఊళ్ళలో కాలువలో వేసిన కవరు చివరికి చేరేది అటువైపే. ఉప్పుటేరు దారి ఇరుకు. అక్కడ చెత్త, గుర్రపుడెక్క అడ్డుపడితే వర్షాకాలంలో నీళ్ళు వెనక్కి తంతాయి. మన వీధి కాలువలో జరిగేదీ ఇంతే, కొలత మాత్రమే చిన్నది. నాలుగు చుక్కలు పడగానే ఇంటి ముందు మోకాలి లోతు నీళ్ళు నిలిస్తే, కాలువ మూత ఎత్తి చూడండి. సగం కవర్లు, డిస్పోజబుల్ గ్లాసులే ఉంటాయి.

ఎరుపు బుట్ట గురించి ఒక మాట. 2020 డిసెంబరులో ఏలూరులో వింత జబ్బుతో 600 మందికి పైగా ఆస్పత్రి పాలైన సంగతి మనం మరిచిపోలేదు. రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. పురుగు మందుల మీద కూడా నిపుణులు అనుమానం చెప్పారు. ఆ సంఘటనను ఇంటి చెత్తకు ముడిపెట్టడం సరికాదు. కానీ ఒక పాఠం మాత్రం మిగిలింది. లోహాలు, రసాయనాలు ఒంట్లోకి వెళ్ళాక ఎక్కడి నుంచి వచ్చాయో కనిపెట్టడం చాలా కష్టం. ఇన్వర్టరు బ్యాటరీలో ఉన్నది సీసమే. దాన్ని షాపు వాడికే తిరిగి ఇవ్వాలి. ఇంటి వెనక పగలగొట్టకూడదు, పిల్లల చేతికి ఇవ్వకూడదు.

చేతులు కనిపించే ఫొటో

చెత్త ఫొటోల్లో ఎక్కువగా కనిపించేవి చేతులు. గ్లౌజు ఉన్నవి కొన్ని, లేనివి ఎక్కువ. పగిలిన గాజు గ్లాసును మనం కవరులో వేసి ముడి వేస్తాం. ఆ ముడి విప్పేది ఆ చెయ్యే. షుగరు ఉన్న వాళ్ళు ఇంట్లో వాడే ఇన్సులిన్ సూది కూడా అంతే. గాజు ముక్కలను పేపర్లో చుట్టి, పైన పెన్నుతో "గాజు" అని రాయండి. సూదులను మూత ఉన్న ప్లాస్టిక్ సీసాలో వేసి, నిండాక విడిగా ఇవ్వండి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇంకొక చెయ్యి కూడా ఉంది. "పాత ఇనుప సామాన్లు కొంటాం" అంటూ తిరిగే వాళ్ళు, వాళ్ళ దగ్గర కొనే పాత సామాన్ల షాపుల వాళ్ళు. మన వాళ్ళు చాలామంది ఈ పనిలో ఉన్నారు. నీలం బుట్టలో పడాల్సిన అట్ట, ఇనుము, సీసా యార్డుకి వెళ్ళకుండా ఆపుతున్నది వీళ్ళే. మున్సిపాలిటీ జీతం ఇవ్వకుండానే మున్సిపాలిటీ పని చేస్తున్నారు. చెత్త ఏరే వాళ్ళను గుర్తించి వ్యవస్థలో కలుపుకోవాలని 2016 నియమాలు చెప్పాయి. గుర్తింపు కార్డు ఉంటే రాత్రిపూట పోలీసు ఆపినప్పుడు చూపించుకోవచ్చు. మన కమిటీలు అడగాల్సిన వాటిలో ఇది ఒకటి.

దావత్, ఇఫ్తార్, ఖుర్బానీ

ఒక లెక్క చూడండి. వలీమాకు 800 మంది వచ్చారు. ప్లేటు, గ్లాసు, వాటర్ బాటిల్, మిగిలిన బిర్యానీ, ఎముకలు అన్నీ కలిపి మనిషికి 300 గ్రాములు అనుకుందాం. 240 కిలోలు. పైన చెప్పిన లెక్కలో అది 192 ఇళ్ళ ఒక రోజు చెత్త. ఒక్క రాత్రిలో ఒక మొహల్లా చెత్తంతా ఫంక్షన్ హాలు వెనక పడుతుంది.

లైసెన్సు లేని చోట వంద మందికి మించి కార్యక్రమం పెడితే మూడు పని దినాల ముందే స్థానిక సంస్థకు చెప్పాలని, చెత్తను విడదీసి ఇవ్వాలని 2016 నియమాలు చెప్పాయి. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు నిషేధం. స్వీటు బాక్సుల మీద, పెళ్ళి కార్డుల మీద చుట్టే పలచటి ప్లాస్టిక్ కూడా ఆ లిస్టులో ఉంది. దస్తర్ఖాన్ మీద స్టీలు ప్లేట్లు, పెద్ద తబక్ లో నలుగురు కలిసి తినడం మన పాత పద్ధతే. అది తిరిగి తెస్తే సగం చెత్త పుట్టనే పుట్టదు.

రంజాన్ లో ఇఫ్తార్ టైముకి మసీదు బయట ఖర్జూరం గింజలు, అరటి తొక్కలు, గంజి గ్లాసులు ఒకే కవరులో కలిసిపోతాయి. రెండు డ్రమ్ములు పెట్టి ఒకదాని మీద "తడి", ఇంకోదాని మీద "పొడి" అని తెలుగులో, ఉర్దూలో రాస్తే చాలు. పదిహేనేళ్ళ కుర్రాళ్ళు ఇద్దరు నిలబడితే మూడో రోజుకి అందరికీ అలవాటవుతుంది.

ఖుర్బానీ విషయంలో ముందు రోజే సచివాలయంలో అడిగి బండి టైము, చోటు తెలుసుకోండి. పేగులు, వ్యర్థాలు మందపాటి కవరులో, దాని మీద ఇంకో కవరులో వేసి నేరుగా బండికే ఇవ్వండి. జీవీపీ పాయింట్ దగ్గర పెట్టి రాకండి. పొట్టలోని గడ్డిని విడిగా తీస్తే మంచి ఎరువు అవుతుంది. రక్తం ఓపెన్ డ్రెయినులోకి పోనివ్వకండి. తోలు పాడవకుండా వెంటనే ఉప్పు రాసి మదర్సాకో, కొనేవాళ్ళకో అందించండి. ఫొటోలు స్టేటస్ పెట్టకండి. దారిలో జనానికి హాని చేసే వస్తువును తొలగించడం ఈమాన్ లో భాగమని హదీసులో ఉంది. దారిలో అలాంటిది పెట్టకుండా ఉండడం అంతకన్నా ముందు రావాలి కదా.

ఖాదర్ సాహెబ్ చేసిన పని

"ఇవన్నీ పెద్ద నగరాల్లో జరుగుతాయి, మన ఊళ్ళో కుదరవు" అనే వాళ్ళకి సూర్యాపేట గురించి చెప్పాలి. 2000ల మొదట్లో సూర్యాపేట జనాభా సుమారు లక్ష. అంటే గూడెం అంత ఊరు. అప్పటి మున్సిపల్ కమిషనర్ ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ వీధి కుండీలు తీసేయించారు. ఇంటింటికీ రెండు బకెట్లు, తడి ఒకటి, పొడి ఒకటి. తడి చెత్తతో వానపాముల ఎరువు. పొడి చెత్త విడదీసి అమ్మకం. ఉమ్మడి రాష్ట్రంలోనే కాదు, బయటి రాష్ట్రాల నుంచి కూడా అధికారులు వచ్చి చూసి వెళ్ళారు. అప్పుడు స్వచ్ఛ భారత్ లేదు, యాప్ లేదు, మూడు రంగుల బుట్టలు లేవు. ఉన్నదల్లా రోజూ పొద్దున్నే వీధిలో తిరిగే ఒక అధికారి, మాట విన్న జనం.

ఫొటో తీస్తే ఇలా తీయండి

కుప్ప ఒక్కటే కాకుండా పక్కన గుర్తు తెలిసేలా తీయండి. కరెంటు స్తంభం నంబరు, షాపు, మలుపు ఏదైనా సరే. ఫోనులో లొకేషన్, తేదీ ఆన్ చేయండి.

ఒకే చోటును మూడు రోజులు, ఒకే టైముకి తీయండి. ఒక ఫొటో అంటే ఫిర్యాదు మాత్రమే. మూడు ఫొటోలుంటే రుజువు అవుతుంది.

కార్మికుల ముఖాలు, పిల్లల ముఖాలు అడగకుండా తీయకండి. పని తీరు చూపించడానికి ముఖం అక్కర్లేదు.

గ్రూపులో పెట్టే ముందు ఫిర్యాదు పెట్టండి. వార్డు సచివాలయంలో రాసి ఇవ్వొచ్చు, స్వచ్ఛతా యాప్ లో ఫొటోతో పెట్టొచ్చు, ప్రభుత్వం "మన మిత్ర" వాట్సాప్ నంబరు 95523 00009 కూడా ఉంది. ఫిర్యాదు నంబరు వస్తే రాసి పెట్టుకోండి.

ఎవరైనా వేరే వీధిని తిడుతూ ఫొటో పంపిస్తే "ఎప్పటిది, ఎక్కడిది?" అని అడగండి. జవాబు రాకపోతే ముందుకు పంపకండి.

శుభ్రం చేశాక అదే చోటును ఇంకోసారి తీసి, అదే గ్రూపులో పెట్టండి. పని చేసిన మేస్త్రీకి ఒక థాంక్స్ చెప్పండి. తిట్టేటప్పుడు వాళ్ళ పేరు అందరికీ గుర్తుంటుంది, మెచ్చుకునేటప్పుడు ఎవరికీ గుర్తుండదు.

రాష్ట్రంలో ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛ ఆంధ్ర కార్యక్రమం జరుగుతోంది. దాని ముందు రోజు జుమా. నమాజు తర్వాత ఐదు నిమిషాలు తీసుకుని, మన వీధికి బండి ఎన్ని గంటలకి వస్తుందో కమిటీ వాళ్ళు మైకులో చెబితే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం వంటింట్లో, ఆకుపచ్చ బుట్ట దగ్గర మొదలవుతుంది.